చిగురేసిన వలగుంజలు

1957 జూన్‌లో నన్ను గ్రామసేవికగా కొల్లేటి లంక ఒకదానికి వేశారు. భీమడోలులో రైలు దిగి, కొంత బండి మీద, కొంత తాటిదోనె మీద వెళ్లాలి. ఆడవాళ్లకు చదువు, కుట్టుపని, పెరటితోట నేర్పడం గ్రామసేవిక పని. మా పైన ముఖ్యసేవిక, ఆవిడ పైన బ్లాకు ఆఫీసరు. నలుగురిలో మాట్లాడటం నాకు చేతనయ్యేది కాదు. చెప్పలేనిదంతా డైరీలో రాసుకునేదాన్ని.

మహిళామండలి పాక సరిగ్గా లంక అంచున ఉండేది. ఏటా వానాకాలం అలలు ఆ గట్టును కోసుకుపోయేవి. ఈసారి పాక నీళ్లపాలేనని అందరూ అన్నారు. గట్టు నిలవడానికి ఏటిపాల నాటమని ముఖ్యసేవిక చెప్పారు. ఏటి ఒడ్డున పెరిగే సన్నాకుల చెట్టది. పచ్చికొమ్మ నరికి బురదలో దిగేస్తే చాలు, చూస్తుండగానే ఎదుగుతుంది. తాడేపల్లిగూడెం నుంచి దోనెడు కొమ్మలు వచ్చాయి, ఆకులు దూసేసి, మనిషెత్తున.

మర్నాడు చూస్తే దోనెలో ఒక్కటీ లేదు. ఊరి ఆడవాళ్లు వాటిని పాక ముందు గట్టు పొడుగునా పాతి వలలు ఆరేసేశారు.

"గవర్నమెంటువారు వలగుంజలు పంపారనుకున్నామండీ. ఎంత నున్నగా ఉన్నాయో!" అంది మండలి పెద్ద నూకాలమ్మ.

అవి చెట్లన్నాను. "ఊరుకోండి, మాతో మేలమాడతారేంటండీ" అని నవ్వారు.

కొన్నాళ్లకు గుంజలన్నీ చిగిర్చాయి. నూకాలమ్మ పరుగున వచ్చింది. "ఏవండీ, మీ గుంజలకి కొమ్మలొచ్చి వలలన్నీ చిక్కుపడుతున్నాయండీ! పీకి పొయ్యిలో పెట్టేస్తాం."

పీకితే పాక పోయినట్టే. ఆ సాయంత్రం మండలిలో మొదటిసారి లేచి మాట్లాడాను. వేళ్లు గట్టును పట్టుకుంటాయని, కొమ్మలు ఎన్నిసార్లు కోసినా మళ్లీ వస్తాయని, అవి బుట్టలల్లడానికి పనికొస్తాయని చెప్పాను.

"అమ్మో, పంతులమ్మగారికి నోరుందే!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. పాకంతా గొల్లుమంది. నేనూ నవ్వాపుకోలేకపోయాను. వలకు తగిలే కొమ్మలే కోసుకోవాలి, గుంజ పీకకూడదని నూకాలమ్మ తీర్పు చెప్పింది.

ఆ వానాకాలం గుంజలు లేనిచోట గట్టు విరిగిపడింది. పాక ముందు నేల కదల్లేదు. తనిఖీకి వచ్చిన బ్లాకు ఆఫీసరు, మొక్కకీ మొక్కకీ దూరం ఎంత పెట్టారని నన్ను అడిగారు.

"బారెడండీ," అంది నూకాలమ్మ ముందుగానే. "అంతకన్నా ఎడమైతే వల నేలకి జారుతుంది కదండీ!"

ఆయన నవ్వి, అలాగే రాసుకున్నారు.

నేను అనుకున్నట్టు ఉత్త చెట్లుగా నాటించి ఉంటే, కాసేవాళ్లు లేక ఊరి మేకలు చిగుళ్లన్నీ మేసేసేవి. రోజూ వలలు ఆరేసే చోటు గనుక కాపలా దానంతటదే జరిగింది. తర్వాత ఏ ఊళ్లో ఏది నాటించినా, అది ఎవరి పనికొస్తుందో ముందు కనుక్కుని, చోటు వాళ్లనే చూపించమనేదాన్ని.