తిట్ల మాస్టారుగా నా తొలి కొలువు

బి.ఏ. ప్యాసై తిరువూరులో ఖాళీగా కూర్చున్న రోజుల్లో నాకు దొరికిన మొదటి పని, మనుషుల్ని తిట్టడం. డెబ్బైల నాటి మాట.

ఆ పనికి నన్ను పిలిచింది మా వీధిలోని టీచరమ్మగారు. బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలకు చదువు చెప్పడం మద్రాసులో నేర్చుకుని వచ్చి, తన ఇంటి వసారాలోనే నలుగురితో బడి నడిపేవారు. నలుగురూ పద్దెనిమిది దాటినవాళ్లే. అక్షరాల సంగతి ఎలా ఉన్నా, ఏదో ఒక పని చేసుకుని బతకడం వాళ్లకు నేర్పాలని ఆవిడ పట్టుదల.

"పని నేర్పడం కష్టం కాదయ్యా. పని చెప్పేవాడి నోటిని తట్టుకోవడం నేర్పాలి. నాకేమో కోపం రాదు. నువ్వైతే సరిపోతావు" అన్నారు. ఏం చూసి అలా అనుకున్నారో నేను అడగలేదు.

అలా రోజూ పది గంటలకు వసారాలో కుర్చీ వేసుకుని యజమానినయ్యేవాణ్ణి. పెనుగొలను నుంచి వచ్చి టీచరమ్మగారింట్లోనే ఉంటున్న పందొమ్మిదేళ్ల అమ్మాయి, పాత చొక్కాకు గుండీలు కుట్టి తెచ్చేది. నేను చూసి, "ఇది గుండీయా, గుమ్మడికాయా?" అని అరవాలి. మొదట్లో గొంతు పెరిగితే చాలు, మంచం కింద దూరేది. నేనూ చతికిలబడి, మంచం కిందకు వంగి తిట్టాల్సి వచ్చేది. యజమాని హోదాకు అది కొంచెం తక్కువే. మూడు నెలలకు దారికొచ్చింది. నేను నోరు తెరిస్తే "సరేనండి" అని, గుండీలు కత్తిరించి, మళ్లీ కుట్టేది. టీచరమ్మగారు నా ప్రగతినీ గమనించేవారు. "ఇవాళ తిట్టు పలచగా ఉందయ్యా. మజ్జిగ తాగొచ్చావా?" అనేవారు.

అమ్మాయి తండ్రికి ఇదేదీ నచ్చలేదు. పొలాలున్న ఆసామి. "మా ఇంటి పిల్ల ఒకళ్ల కొట్లో పని చెయ్యడమేంటండీ? ఓ మూల కూర్చోబెట్టి తిండి పెట్టలేనా?" అన్నాడు.

"మూల కూర్చోను. పనికెళ్తా" అంది అమ్మాయి.

తండ్రితో ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారట. ఆయన కాసేపు కండువా సర్దుకుని, చివరికి ఒక గడువు పెట్టాడు. బజారులో బట్టలు కుట్టే సాయిబుగారు పది రోజులు చూడాలి. పనికొస్తుందంటే సరే. లేదంటే ఇంటికి తీసుకుపోతాడు, మళ్లీ పంపడు.

సాయిబుగారు తిరువూరు మొత్తానికి మెత్తని మనిషి. అదే కొంప ముంచింది. మొదటిరోజు సాయంత్రమే ఒక చొక్కా పట్టుకుని టీచరమ్మగారింటికి వచ్చాడు.

"పిల్ల బంగారమమ్మా. కానీ నేను ఎంత మెచ్చుకుంటే అంత ఊడదీస్తోంది. 'శభాష్ తల్లీ' అన్నాను, 'సరేనండి' అని గుండీలన్నీ కత్తిరించింది. పాపం భయపడిందేమోనని ఇంకా గట్టిగా మెచ్చుకున్నాను. మళ్లీ కత్తిరించింది. ఇదిగో, పెళ్లికొడుకు చొక్కా జల్లెడైంది."

టీచరమ్మగారు నా వంక చూశారు. మూడు నెలల్లో ఆ కుర్చీలోంచి ఒక్క మంచి మాట వచ్చిన పాపాన పోలేదు. యజమాని ఏమన్నా సరే ఊడదీయాలని ఆ పిల్ల నేర్చుకుంది. తప్పు పూర్తిగా బోధనా సిబ్బందిదే.

"రేపు సాయంత్రం నుంచి పొగుడు" అన్నారు ఆవిడ.

మా వంశంలో ఆ అలవాటు లేదు. నేను బి.ఏ. ప్యాసైన రోజు మా నాన్న, "సర్లే, కాళ్లు కడుక్కో" అన్నాడు. అయినా ప్రయత్నించాను. "తప్పు చూపిస్తేనే ఊడదియ్యాలి. బాగుందంటే మడతపెట్టి బల్లమీద పెట్టాలి" అని టీచరమ్మగారు చెప్పడం, నేను "బాగుంది" అనడం, ఆ అమ్మాయి నా ముఖం చూసి కత్తెర తియ్యడం. ఆరు సాయంత్రాలు ఇదే వరస.

"ఆ అనడమేంటయ్యా, చావు కబురు చెప్పినట్టు? అసలు గుండీ వైపు చూశావా?" అన్నారు ఏడో సాయంత్రం.

నిజమే, చూడలేదు. చొక్కా తీసుకుని ఒక గుండీ పట్టి లాగాను. కదల్లేదు. బలం పెట్టి లాగాను. గుడ్డ వచ్చేలా ఉందిగానీ గుండీ రాలేదు. "ఓర్నీ!" అన్నాను, నాకు తెలియకుండానే. ఆ అమ్మాయి నా చేతిలోంచి చొక్కా లాక్కుని, మడతపెట్టి, బల్లమీద పెట్టింది.

పదో రోజున తండ్రి బస్సు దిగి నేరుగా సాయిబుగారి కొట్టుకు వచ్చాడు. టీచరమ్మగారూ నేనూ అప్పటికే బెంచీమీద ఉన్నాం. సాయిబుగారు "శభాష్ తల్లీ" అన్నాడు. అమ్మాయి చొక్కా మడతపెట్టింది. తండ్రి దాన్ని విప్పి, వేలితో చూపించాడు.

"ఈ గుండీ వంకరగా లేదూ?"

వంకరగానే ఉంది. "సరేనండి" అని అదొక్కటే కత్తిరించి, మళ్లీ కుట్టి, చొక్కా ఒళ్లో పెట్టుకుని ఆయన వైపు చూస్తూ కూర్చుంది. ఏదో ఒక మాట రావాలి కదా. సాయిబుగారు అందించబోతుంటే టీచరమ్మగారు కళ్లతోనే ఆపారు. తండ్రి దగ్గాడు. వీధిలోకి చూశాడు. నాకంటే ఆయన అవస్థ ఎక్కువగా ఉంది.

"బాగానే ఉందమ్మా" అన్నాడు చివరికి.

అమ్మాయి చొక్కా మడతపెట్టి బల్లమీద పెట్టి, ఇంకోటి అందుకుంది.

ఆయన ఒక్కడే బయల్దేరాడు. మెట్టు దిగుతుంటే సాయిబుగారు, "ఆసామీ, మీ చొక్కాకు పై గుండీ లేదు. కుట్టించుకుని పొండి" అన్నాడు.

"బస్సుకు టైమైందండి. వచ్చేవారం మా అమ్మాయితోనే కుట్టించుకుంటాలే" అంటూ ఆయన బస్టాండు వైపు నడిచాడు.