ఎమ్మే ఫిలాసఫీలో ఒకే ఒక్క విద్యార్థి

2023 ఆగస్టు. విశాఖలో నేను పనిచేసే యూనివర్సిటీలో పీజీ అడ్మిషన్లు చివరికొచ్చాయి. సీనియర్ అసిస్టెంటుగా నా పని సీటు వచ్చినవాళ్ల సర్టిఫికెట్లు సరిచూడటం, కోర్సు నడవకపోతే ఆ సంగతి చెప్పి పంపడం. డేటా సైన్స్ నుంచి టూరిజం దాకా మా దగ్గర లేని కోర్సు లేదని బయట అనుకుంటారు. ప్రాస్పెక్టస్‌లో ఉన్నవన్నీ నడవవు. మినిమమ్ స్ట్రెంత్ అని ఒక నిబంధన ఉంది. నిర్ణయించిన కనీస సంఖ్యలో విద్యార్థులు చేరకపోతే ఆ ఏడాదికి కోర్సు ఆపేస్తారు.

ఎమ్మే ఫిలాసఫీలో ఆ ఏడాది చేరింది ఒక్కరే, మల్కాపురం నుంచి వచ్చిన అప్పలరాజు గారు. రిఫైనరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగానే దూరవిద్యలో బీఏ పూర్తి చేశారట. కోర్సు ఆగిపోయిందని చెప్పి, స్లైడింగ్ పెట్టుకోమన్నాను. అంటే వచ్చిన సీటు వదులుకుని, ఖాళీ ఉన్న మరో కోర్సుకు మారడం.

"టూరిజంలో సీట్లున్నాయండీ."

"కొడుకు పోయినోడికి టూరిజం ఎందుకమ్మా?" అన్నారాయన.

ఆయనే చెప్పారు. పోర్టు రోడ్డులో లారీ గుద్ది కొడుకు పోయాడట. "సావంటే ఏటో, ఆడికే ఎందుకొచ్చిందో... ఆ కోర్సులో అలాంటియి సెప్తారని ఇన్నాను. నాకిప్పుడు పట్టా ఎందుకమ్మా?"

ఫిలాసఫీ చెప్పేవాళ్లలో అప్పటికి మిగిలింది స్టెల్లా మేడమ్ ఒక్కరే, అదీ కాంట్రాక్టు మీద. ఆయన్ను ఆవిడ గదికి తీసుకెళ్లాను.

"మా కోర్సు చదివినా మీ ప్రశ్నకు జవాబు దొరక్కపోవచ్చండీ. ముందే చెబుతున్నా," అన్నారావిడ. "లంచ్ టైములో ఖాళీగానే ఉంటాను. రండి, కలిసి చదువుదాం."

హాజరు లేదు, పరీక్ష లేదు. అయినా ఆయన బస్సెక్కి వచ్చేవారు. ఒకరోజు సర్క్యులర్ ఇవ్వడానికి వెళితే పుస్తకం మూసి ఉంది. ఆయన మాట్లాడుతున్నారు, ఆవిడ వింటున్నారు. "ఒక సెప్పు గుమ్మంలో, ఇంకోటి మంచం కిందకి ఇసిరేసీవోడు మేడమ్. రోజూ తిట్టీవోణ్ని." ఆవిడ నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వుతూనే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను సర్క్యులర్ ఇవ్వకుండానే వెనక్కి వచ్చేశాను.

చలికాలంలో ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు. విజయనగరం దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయారు. ఆ గది డేటా సైన్స్ ల్యాబుకు ఇచ్చారు. చివరిరోజు ఆవిడతో మాట్లాడి, అప్పలరాజు గారు మా సెక్షన్‌కు వచ్చారు.

"ఇంట్లో ఆడి పేరెత్తితే మా ఆవిడ ఏడుస్తాది. సుట్టాలు మాట మార్సేస్తారు. ఈవిడ ఇనీది," అన్నారు. "ఇంకెవులైనా ఉన్నారేటమ్మా ఇక్కడ?"

"లేరండీ."

తలూపి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. తర్వాతి ప్రాస్పెక్టస్‌లో ఫిలాసఫీ పేరే తీసేశారు.

నడవని కోర్సు కోసం ఎవరైనా వస్తే, స్లైడింగ్ మాటెత్తే ముందు ఆ కోర్సే ఎందుకని ఇప్పుడు అడుగుతున్నాను. చాలామంది చెబుతారు. నేను విన్నంత మాత్రాన కోర్సు మొదలవదు. చివరికి లేదనే చెప్పి పంపాలి. అడగని రోజుల్లో ఆ మాట తేలిగ్గా వచ్చేసేది. ఇప్పుడు రాదు. తేలిగ్గా రాకూడని మాటే అది.