భవిత కుడిచెయ్యి

మా మేనత్త సత్యమ్మకు కాలు ఒకచోట నిలవదు. లాల్‌గడి మలక్‌పేట్‌లో పొద్దున్నే నాలుగు బర్రెల పాలు పితికి, శామీర్‌పేట హోటళ్లకు తనే పోసి వచ్చేది. ఆ పాలలో నీళ్లు పడేవో లేదో నేను చెప్పను గానీ, మనవరాలు భవితకు మాత్రం చిక్కటివి ముందే పక్కకు తీసేది.

2003 ఎండాకాలానికి భవితకు ఏడాదిన్నర. రోజుకు నాలుగు సీసాల పాలు తాగేది. అన్నం ముట్టేది కాదు, గోడ సున్నం మాత్రం గీకి తినేది. పిల్ల పాలిపోతుంటే అత్త మురిసిపోయేది. కోడలు పద్మలత పప్పన్నం కలిపితే గిన్నె లాగేసుకునేది.

"పాలకు మించిన బలమేందే? సూడు, నా బిడ్డ దొరసాని లెక్క తెల్లగైతాంది."

నేనూ ఔనన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మే నెలలో పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని అత్త గ్లాసు దాచేసింది. మూడోనాడు ఫిట్స్ వచ్చాయి. కుడిచెయ్యి వాలిపోయింది. పట్నం దాకా ఆటోలో అత్త ఆ చెయ్యి పిసుకుతూనే ఉంది, డ్రైవర్ మీద అరుస్తూనే ఉంది.

"జల్ది పోనియ్యి బిడ్డా, జల్ది!"

పిల్లల ఆస్పత్రిలో స్కాన్ తీశారు. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డ కట్టిందన్నారు. పాప ఏం తింటుందని డాక్టరమ్మ అడిగింది.

"ఉత్త పాలే డాక్టరమ్మా. సుక్క నీళ్లు కలపలే," అంది అత్త, అంత ఏడుపులోనూ గొప్పగా.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. పాలలో ఐరన్ దాదాపు ఉండదని, పాలతోనే కడుపు నిండితే రక్తం తగ్గుతుందని, అలాంటి ఒంట్లో నీళ్లు కూడా తగ్గితే ఇలా గడ్డ కట్టొచ్చని నిదానంగా చెప్పింది. అత్త మధ్యలోనే లేచి వరండాలోకి పోయింది. ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ, ఎదురొచ్చిన నర్సుకల్లా చెప్పింది.

"అది తెలుపు గాదమ్మా, రక్తం లేకపాయె. నా చేతులతోనే జేసిన."

ఇంజెక్షన్లతో ప్రాణం దక్కింది. చెయ్యి వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోయారు. అత్త కూర్చోదు, నిలబడదు, గంటకోసారి ఆ వేళ్లు కదిపి చూస్తుంది. మాకెవరికీ కుదురు లేదు.

పదకొండో రోజు అత్త ఐరన్ మందు చెంచాలో పోసి పిల్ల నోటి దగ్గర పెట్టింది. తుప్పు వాసన. పిల్ల మొహం తిప్పుకుంది. దాని ఎడమచెయ్యిని పద్మలత గట్టిగా పట్టుకునే ఉంది. అయినా చెంచా ఎగిరి, మందంతా అత్త చీర మీద పడింది.

"అయ్యో" అనబోయి పద్మలత ఆగిపోయింది. కొట్టింది కుడిచెయ్యి.

అత్త మళ్లీ చెంచా నింపింది. ఏడుస్తూనే పిల్ల మీదికి వంగింది.

"ఇంకోపారి కొట్టు బిడ్డా. గట్టిగ కొట్టు."