తలుపు మూయని లెక్కల మేడం

సోమందేపల్లి నుంచి గంగరాజు ఫోన్ చేసేసరికి నేను ధర్మవరంలో మా హైస్కూలు వరండాలో ఉన్నాను. "మన లెక్కల మేడం పోయిందంట సుజాతా. హిందూపురంలో, ఇంట్లోనే. నిద్రలో పోయిందంట" అన్నాడు. గంగరాజు నాతోపాటు పెనుకొండ హైస్కూల్లో చదివినవాడు, ఇప్పుడు హైవే పక్కన టైర్ల అంగడి పెట్టుకున్నాడు. తర్వాత వాడు, ఆ తొమ్మిదో తరగతి గది ఇప్పటికీ కలలోకి వస్తుందని చెప్పి ఫోన్ పెట్టేశాడు. నాకూ వస్తుంది. కానీ ఆ మాట వాడితో ఎప్పుడూ అనలేదు.

ఆమె గురించి పేపర్లో ఎవరూ రాయరు. ఉద్యోగమంతా చుట్టుపక్కల బళ్లలోనే చేసింది. హిందూపురంలో రైలెక్కి పెనుకొండలో దిగి, చేతిలో గొడుగుతో బడికి నడిచొచ్చేది. పేరు పెట్టి ఎవరం పిలవలేదు, లెక్కల మేడం అంతే. అందుకే ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను.

మాకు బీజగణితం మొదలుపెట్టిన రోజు ఆమె పుస్తకం తెరవలేదు. మనసులో ఒక సంఖ్య అనుకోమంది. దాన్ని రెండింతలు చేసి, పది కలిపి, వచ్చినదాన్ని సగం చేసి, మొదట అనుకున్న సంఖ్యను అందులోంచి తీసెయ్యమంది. "ఇప్పుడు మీ దగ్గరేముందో నేనడగను, మీరే అనండి" అంది. గది గదంతా ఒకే గొంతుతో "అయిదు" అన్నాం. ఒకరు మూడనుకున్నారు, ఒకరు తొంభై అనుకున్నారు, అందరి నోట్లో ఒకటే మాట ఎట్లా వచ్చింది? ఆ సాయంత్రం ఇంట్లో చెప్తే మా అవ్వ, ఆ టీచరమ్మకు ఏవో మంత్రాలు వచ్చుంటాయని నా మెడకు తాయెత్తు కట్టింది.

మరుసటి రోజు మేడం ఆ మంత్రమేమిటో మాకే చెప్పేసింది. మనం అనుకున్న సంఖ్య స్థానంలో ఎక్స్ రాసి, ఒక్కో మెట్టూ మా చేతనే చేయించింది. "మీ సంఖ్య మీరే తెచ్చుకున్నారు, పోయేటప్పుడు మీరే తీసుకపోయినారు. నేను కలిపిన పదిలో సగం మాత్రం మీ దగ్గర మిగిలింది" అంది. మేము ఇళ్లకు పోయి నాయనల మీదా అవ్వల మీదా అదే ప్రయోగించాం. మా అవ్వ అయిదు అని, నా మెడలో తాయెత్తు వైపు చూసింది.

ఆమె పాఠంలో మాకు అలవాటు కానిది ఒకటుండేది. తప్పు చెప్పినా, సరిగ్గా చెప్పినా, మొహంలో ఏ మార్పూ లేకుండా "ఎట్ల తెలిసె?" అనేది. జవాబు సరైనదే అయినా దాన్ని ఎలా చేరామో చెప్పేదాకా వదిలేది కాదు. అడిగి ఊరుకునేది. ఆ నిశ్శబ్దం ఎంతసేపైనా సాగేది. అప్పుడు ఆమె మమ్మల్ని కాకుండా మా వెనక గోడను చూస్తున్నట్టుండేది. కొత్తగా చేరిన పిల్లలు తల తిప్పి వెనక ఎవరున్నారా అని చూసేవాళ్లు. "తెలీనిదాన్ని చూసి కండ్లు మూసుకోవద్దండప్పా. దానికొక పేరు పెట్టండి. పేరు పెడితే పిలవొచ్చు, పిలిస్తే దగ్గరికొస్తాది" అని తరచూ అనేది. మొదట్లో మాకు ఆ మాట నచ్చింది. దసరా సెలవుల తర్వాత అదే మాటకు భయపడ్డాం.

ఆ సెలవుల్లో రేష్మా చనిపోయింది. రేష్మా నా పక్కన, కిటికీ వైపు కూచునేది. సోమందేపల్లి నుంచి బస్సులో వచ్చేది, వాళ్ల నాయనకు అక్కడ సైకిళ్లు బాగుచేసే అంగడి. క్లాసులో లెక్కలంటే ఇష్టమని గట్టిగా చెప్పుకునేది ఆ పిల్ల ఒక్కతే. లెక్క గురించి ఆలోచించేటప్పుడు పెన్ను మూతతో బెంచీ మీద టక్, టక్‌టక్ అని కొట్టేది. మిగతా అయ్యవార్లు తిట్టేవాళ్లు. మేడం మాత్రం, ఆ పాప ఆలోచిస్తాంది, ఉండనీండి అనేది. సెలవుల్లో జ్వరం తగిలి, హిందూపురం ఆసుపత్రికి చేర్చేలోపు పోయిందని బడి తెరిచినాకే మాకు తెలిసింది.

ఆ వారమే లెక్కల పీరియడ్లో చప్పుడు మొదలైంది. టక్. కాసేపు ఆగి, టక్‌టక్. నా పక్కనున్న ఖాళీ చోటు నుంచే వస్తోంది. మేడం బోర్డు మీద రాస్తూ ఒక్క క్షణం చెయ్యి ఆపి, మళ్లీ రాసింది. నేను తల తిప్పలేకపోయాను. తెలుగు పీరియడ్లో లేదు, సైన్సులో లేదు, సోషల్లో లేదు. మళ్లీ లెక్కలకు గంట కొట్టి మేడం లోపలికొచ్చిన కాసేపటికి టక్ మని వినపడేది. రేష్మా లెక్కలకు మాత్రం వస్తోందని క్లాసంతా అనుకుంది. మా ముందు బెంచీ ఖాళీ అయింది, వెనక బెంచీ ఖాళీ అయింది. నన్ను కూడా జరగమన్నారు గానీ, నేను లేస్తే ఆ పిల్ల చూస్తుందేమోనని లేవలేక అక్కడే బిగుసుకుపోయేదాన్ని. నాకు జ్వరం పట్టుకుంది. అవ్వ నన్ను బడి మాన్పించి ధర్మవరంలో మా మేనత్త ఇంటికి పంపాలని నాయనతో పట్టుబట్టింది.

మేడం ఆ మాట ఎవరి ద్వారా విన్నదో, ఒక పొద్దున రైలు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. అవ్వ కూచోమని కూడా అనలేదు. "చచ్చిన పాప పిలుస్తాంటే మా పిల్లను యాడికని పంపిస్తామమ్మా?" అంది. దయ్యాల్లేవని మేడం చెప్తుందని, అవ్వను ఒప్పిస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె నా మంచం మీద కూచుని మెల్లగా అంది:

"నాకూ వినపడతాండాది పాపా. నీ చెవులు మంచివే."

నాకు ఏడుపొచ్చింది. అది రేష్మానేనా మేడం అని అడిగాను.

"నాకు తెలీదు. తెలీనిదాన్ని ఒక్కదానివే మోస్తాండావు గాబట్టి భయం. అందరం కలిసి కూచుంటే అది ఒక లెక్క. రేపు రా, చేద్దాం."

మరుసటి రోజు వెళ్లాను. మేడం బోర్డు మీద ఒక పక్క "తెలిసినవి" అని రాసి మా వైపు తిరిగింది. లెక్కల పీరియడ్లోనే వస్తుందని ఒకరన్నారు. గాలి లేని రోజు వినపడలేదని గంగరాజు అన్నాడు. అయితే లెక్కల పీరియడ్లో ఉండి మిగతావాటిలో లేనిదేమిటో చెప్పమంది. ఆమె గోడను చూస్తూ నిలబడింది. చివరికి మొదటి బెంచీ అమ్మాయి ఒకతె, "మీరు తలుపు మూయరు మేడం" అంది. నిజమే. ఆటస్థలం గోలకు అయ్యవార్లందరూ తలుపు వేసుకునేవాళ్లు. మేడంకు మూసిన గదిలో ఊపిరాడదు, తెరిచే ఉంచేది. ఆ సంగతి ఆమె కూడా గమనించుకోలేదేమో, తిరిగి తలుపు వైపు చూసింది.

ఆ పీరియడంతా మేము తలుపుతో, కిటికీతో లెక్క చేశాం. ఒకసారికి ఒకటే మార్చమంది. రెండూ కలిపి మారిస్తే ఏది చేసిందో ఎట్ల తెలుస్తుందని అడిగింది. తలుపు మూసి కిటికీ తెరిస్తే చప్పుడు లేదు. తలుపు తెరిచి కిటికీ మూస్తే లేదు. రెండూ మూస్తే లేదు. రెండూ తెరిచి అందరం ఊపిరి బిగబట్టి కూచున్నాం. కొండ మీది నుంచి గాలి వచ్చింది. టక్. టక్‌టక్. గంగరాజు ధైర్యం చేసి కిటికీ దగ్గరికి పోయి, రెక్కకు వేలాడే ఇనుప కొక్కేన్ని వేలితో చూపించాడు. గాలి ఈ చివర నుంచి ఆ చివరకు పోయేటప్పుడు అది చెక్కకు తగులుతోంది. క్లాసంతా ఒక్కసారి నవ్వేసింది. నేనూ నవ్వాను.

మేడం నవ్వలేదు. "దసరాకు ముందర గూడా నేను తలుపు మూయలేదు. కిటికీ గూడా తెరిచే ఉండె. కొక్కెమూ ఆడనే ఉండె. అప్పుడు ఎందుకు కొట్టుకోలేదు?" అంది.

నవ్వు ఆగిపోయింది. ఆ నిమిషంలో వేసినంత భయం చప్పుడు విన్నప్పుడు కూడా వెయ్యలేదు. జవాబు నా ఒక్కదానికే తెలుసని నాకు కొంచెం కొంచెంగా అర్థమైంది. లేచి నిలబడ్డాను.

"రేష్మా తన సంచి ఆ కొక్కేనికి తగిలించేది మేడం. రోజూ."

ఎట్ల తెలిసె అని ఆమె అడగలేదు. నాకు గుర్తున్నంతవరకు ఆమె అడగనిది ఆ ఒక్కసారే. సుద్దముక్క బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఇన్నాళ్లూ మేము విన్నది రేష్మా రావడం కాదు, లేకపోవడం. దయ్యమైనా బాగుండేదని నాకనిపించింది. కాసేపయ్యాక మేడం, కొక్కేన్ని దారంతో కట్టేద్దామా, అట్లే ఉంచుదామా అని మమ్మల్నే అడిగింది. ఉంచుదామన్నాం.

చప్పుడు సంగతి తేలకముందు పుట్టిన పుకారు అప్పటికే బస్సెక్కి సోమందేపల్లి చేరింది. కొన్నాళ్లకు రేష్మా వాళ్లమ్మ మధ్యాహ్నం బడికొచ్చింది. తలమీద కొంగు సరిచేసుకుంటూ తలుపు దగ్గర నిలబడి, "నా బిడ్డ ఈడికి వస్తాండాదంట కదమ్మా. ఒక్కసారి చూసిపోతాను" అంది. మేడం ఆమెను నా పక్కన, రేష్మా చోట్లో కూచోబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పమని నాకు చెప్పింది. కొక్కెం గురించి, గాలి గురించి, సంచి గురించి తడబడుతూ చెప్పాను. ఆమె అంతా విని, చెయ్యి చాపి, గాలికి కొట్టుకుంటున్న కొక్కేన్ని పట్టుకుంది. చప్పుడు ఆగింది. వదిలింది. టక్. మళ్లీ పట్టుకుంది. మళ్లీ వదిలింది. చాలాసేపటికి లేచి మేడం దగ్గరికి పోయి, "తలుపు మాత్రం మూయొద్దమ్మా" అని చెప్పి, ఇంకేమీ అడక్కుండా బస్టాండు వైపు నడిచిపోయింది.

మా తర్వాత బ్యాచీలు వచ్చాయి. మేడం రిటైరయ్యేవరకు, వాన జల్లు లోపలికి కొట్టే రోజుల్లో కూడా, ఆ గది తలుపు తెరిచే ఉంచిందని చెప్పుకున్నారు. ఎందుకో ఆ పిల్లలకు తెలియదు. అడిగితే, మీకేమనిపిస్తాందో చెప్పండి అనేదట.

నేను లెక్కల టీచరునయ్యాక అప్పుడప్పుడు హిందూపురం పోయి ఆమెను చూసొచ్చేదాన్ని. సూత్రం చెప్పేయండి మేడం చాలు అని అడిగే పిల్లల గురించి, మార్కుల కోసం తొందరపెట్టే పెద్దల గురించి మొరపెట్టుకునేదాన్ని. "తొందరగా వచ్చిన జవాబు తొందరగానే పోతాది. కాసేపు తెలీకుండా ఉండనీ వాళ్లను. పక్కన నువ్వుండు, అంతే" అనేది.

ఈమధ్య ఆమె మనుషుల్ని మరిచిపోసాగింది. ఆఖరిసారి పోయినప్పుడు గుమ్మంలో నన్ను చూసి ఎవరని అడిగింది. పేరు చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. "పేరొద్దు. తెలిసినవి చెప్పు" అంది. పెనుకొండ అన్నాను. తొమ్మిదో తరగతి అన్నాను. కిటికీ వైపు బెంచీ అన్నాను. ఆమె నన్ను కాకుండా నా వెనక చూస్తూ ఆలోచించింది. నా వెనక వరండా తప్ప ఏమీ లేదు. కాసేపటికి, "అయితే ఆ పాప పక్కన కూచునే పాపవు నువ్వు" అని, నా భుజం పక్కన గాలిని చూసి, "కూచోండి ఇద్దరూ" అంది. కూచున్నాను. కొంచెం జరిగి, పక్కన చోటు వదిలే కూచున్నాను.

గంగరాజు ఫోన్ చేసిన రోజు మధ్యాహ్నానికి హిందూపురం చేరాను. ఇంటి ముందర చెప్పులు వీధిదాకా ఉన్నాయి. నడిమింట్లో అద్దాల ఐసు పెట్టెలో ఆమెను పడుకోబెట్టారు. మొహంలో నాకు తెలిసిన ఆ ఓపికే ఉంది, ఎవరైనా జవాబు చెప్తారని చూస్తున్నట్టు. మా బ్యాచీ వాళ్లం ఒకరి పక్కన ఒకరం నిలబడ్డాం. ఎవరూ పెద్దగా ఏడవలేదు. పొద్దు వాలకముందే మగవాళ్లు ఆమెను తీసుకుపోయారు. ఖాళీ ఐసు పెట్టెను బండిలోకి ఎక్కించి పంపేశాక, ఆడవాళ్లం ఇంట్లో నీళ్లు పోసి బండలన్నీ కడిగాం. ఆమె కూతురు చీపురుతో నీళ్లు వాకిట్లోకి నెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని గోడకు ఆనుకుని కూలబడింది. మేమంతా గోడల వెంబడి కూచున్నాం.

ఎండాకాలం, నల్లబండలు ఇట్టే ఆరిపోవడం మొదలుపెట్టాయి. గుమ్మం దగ్గర ఆరింది, వంటిల్లు వైపు ఆరింది, మా కాళ్ల దగ్గర ఆరింది. నడిమధ్యన మాత్రం ఆరలేదు. పెట్టె చల్లదనం రాయిలో దిగి ఉంటుందని నాకు తెలుసు. అయినా అక్కడి తడి అంచుల నుంచి లోపలికి మెల్లగా తగ్గుతూ, తగ్గుతూ, ఒక మనిషి పొడుగున, తలవైపు కొంచెం సన్నగా, భుజాల దగ్గర కొంచెం వెడల్పుగా నిలిచింది. ఎవరో ముసలామె దీపం పట్టుకుని వంటింట్లోంచి వస్తూ దాన్ని చూసింది. తొక్కకుండా పక్కకు జరిగి, గోడ వారగా చుట్టు తిరిగి వెళ్లింది. ఆమె వెనక వచ్చినవాళ్లు కూడా అలాగే తిరిగి వెళ్లారు. చీకటి పడుతుండగా, ఆ తడి ఇంకా మెరుస్తూ ఉంది.