గేటు దగ్గర దౌలత్

దౌలత్ చేతులు బలమైనవి. పెళ్లికి ముందు చెరకు మోపులు మోసింది, పెళ్లయ్యాకా మోసింది. మొగుడు పోయాక ఆడపిల్లల బడిలో ఆయాగా చేరింది. పొద్దున్నే గేటు తీసి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. లోపలికొచ్చే ప్రతి పిల్లా సొంత పిన్నిని పలకరించినట్టు "సలాం, ఖాలా" అనాల్సిందే. అనకపోతే జడ పట్టి ఆపేది.

"నోట్లో నాలుక లేదా తల్లీ?"

సబ్రీన్ తనంతట తనే ఆగేది. పదకొండేళ్ల పిల్ల, నైలు కాలువ గట్టున మూడో ఇల్లు. ఏమీ తినకుండా వచ్చేది. దౌలత్ తన రొట్టె సగం తుంచి చెరకు పాకం రాసి పెట్టేది. పిల్ల తింటూ ఆ రోజు పాఠం చదివి వినిపించేది.

శీతాకాలపు సెలవుల్లో సబ్రీన్ తల్లి కరీమా వచ్చింది.

"గురువారం పిల్లకి శుద్ధి. నర్సు వస్తానంది. నువ్వొచ్చి పట్టుకోవాలి."

ఆడపిల్లల సున్తీని ఊళ్లో ఆ మాటతోనే చెప్పుకుంటారు. చట్టం వద్దన్నాక కిటికీలు మూసి చేయిస్తున్నారు, అంతే తేడా. పట్టుకోవడానికి దౌలత్‌ని పిలవడం కొత్త కాదు.

"మీ ఆడపడుచు లేదా?"

"దాన్ని చూస్తేనే పిల్ల ఏడుస్తుంది. నువ్వైతే భయపడదు. నువ్వంటే దానికి ప్రాణం."

ఆ మాటకి దౌలత్ పొంగిపోయింది. తర్వాత ఆమెని ఎక్కువ దహించింది అదే, ఆ పొంగిపోవడం.

గురువారం సబ్రీన్ ఆమెని చూసి నవ్వింది. పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చింది. దౌలత్ వెనక కూర్చుని చేతులు చుట్టింది. "ఖాలా, వదులు" అని పిల్ల మూడుసార్లు అంది. నాలుగోసారి అనలేదు.

సెలవులయ్యాయి. సబ్రీన్ బడికి రాలేదు. రెండు వారాలు చూసి పెద్ద పంతులమ్మ ఇజ్లాల్ గేటు దగ్గరికొచ్చింది.

"ఇంకో వారం రాకపోతే పేరు కొట్టేయాలి. వాళ్లు నీకు బాగా తెలుసుగా, ఓసారి వెళ్లి రారాదూ?"

దౌలత్ వెళ్లింది. కరీమా రొట్టెలు కాలుస్తోంది. అత్తగారు అరుగు మీద కూర్చుంది.

"గాయం మానలేదా?"

"ఎప్పుడో మానింది," అంది కరీమా. "పనులన్నీ చేస్తోంది. బడి అంటేనే మూల చేరుతుంది."

"చేరనీ," అంది ముసలావిడ. "చదివి జడ్జీ అవుతుందా? నాలుగేళ్లాగితే సంబంధాలు వాటంతటవే వస్తాయి."

అప్పుడే సబ్రీన్ బిందెతో వచ్చింది. దౌలత్‌ని చూసింది. నీళ్లు తొణకకుండా బిందె కింద పెట్టి, గోడకి ఆనుకుని పక్కపక్కగా నడిచి, గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

"సిగ్గు," అని నవ్వింది కరీమా. "పెద్దదవుతోంది కదా."

దౌలత్‌కి తన మేనత్త గుర్తొచ్చింది. చిన్నప్పుడు తనని పట్టుకున్నది ఆవిడే. ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికింది. ఆవిడ చేతి ముద్ద దౌలత్ మళ్లీ తినలేదు. ఆ సంగతి ఒళ్లంతా తెలిసీ ఇంతమంది పిల్లల్ని పట్టుకుంది.

"దానికి బడంటే భయం లేదు," అంది. "గేటంటే భయం. గేటు దగ్గర నేనుంటాను."

కరీమా చేతిలో రొట్టె ఆగింది. "ఏం మాటలవి? మంచికే కదా పట్టుకున్నావు."

"ఇంత వయసొచ్చి పసిదానికి జడుస్తావేమే?" అంది ముసలావిడ.

"జడుస్తున్నాను," అంది దౌలత్.

మర్నాడు ఇజ్లాల్ ముందు నిలబడి, కాలువ అవతల మగపిల్లల బడికి మార్చమంది. ఎందుకని అడిగితే చెప్పింది. ఇన్నేళ్లలో పట్టుకున్న పిల్లల పేర్లన్నీ చెప్పింది. అందరూ ఈ బడి పిల్లలే. ఇజ్లాల్ లేచి తలుపు వేసింది. పాత హాజరు పట్టీ తెరిచింది.

"వీళ్లలో మానేసినవాళ్లకి చదువు మీద ఇష్టం లేదని రాశాను. ఒక్కదాన్నీ అడగలేదు."

మగపిల్లల బడి ఆయా ఫతియ్యా ఇటు వచ్చింది. దౌలత్ అటు పోయింది. గేటు దగ్గర ఇక తను ఉండనని కరీమాకి కబురు పంపింది. పిల్ల వచ్చిందో లేదో ఎవరినీ అడగలేదు. అడిగే ముఖం లేదు. బుధవారం సంతలో ఫతియ్యాయే చెప్పింది.

"వచ్చింది నీ పిల్ల. గేటు బయట నిలబడి, ఖాలా ఉందా అంది. లేదన్నాను. మళ్లీ వస్తుందా అంది."

"ఏమన్నావు?"

"రాదన్నాను. అప్పుడు లోపలికొచ్చింది. ఏం, కొట్టావా దాన్ని?"

"లేదు. పట్టుకున్నాను."

ఫతియ్యా ఏరుతున్న టమాటా పక్కన పెట్టింది. "ఓస్, అంతేనా," అంది ఓదార్పుగా. "ఈ సంతలో పట్టుకోనిదెవరు?"

దౌలత్ తల ఎత్తి సంతని చూడలేకపోయింది.