ఓదెమ్మ బిస్సీలో మొదటి ముద్ద

అందరికీ పెట్టి ఆఖరున తినడం మన ఇళ్ళలో ఆడవాళ్ళకు అలవాటు. ఓదెమ్మ మాత్రం మగవాళ్ళందరికంటే ముందు తినేది. గిన్నె దించగానే ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, గోడకు చేరగిలబడి, పొట్ట మీద చెయ్యి వేసుకుని కాసేపు కూర్చునేది. ఆకలి మీదున్న మేం కంచాలు పట్టుకుని ఆమె మొహమే చూస్తుండాలి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా శాంతి నగర్‌లో నవ్వనివాళ్ళు లేరు.

బొంబాయి దగ్గర భివండిలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒంటరి మగవాళ్ళు నెలకింతని ఇచ్చి రెండు పూటలా తినే ఇంటిని బిస్సీ అంటారు. భర్త కనకయ్య పోయాక ఓదెమ్మ తన గదిలోనే బిస్సీ పెట్టింది. అంతకుముందు కొన్నాళ్ళు నిజాంపురాలో కారం పట్టే గిర్నీలో ఊడ్చే పని చేసింది. బూజు పట్టిన మిరపకాయలు, తవుడు, ఇంత రంగు కలిసి ఎర్రటి పొడిగా సంచుల్లోకి దిగడం అక్కడ కళ్ళారా చూసింది. ఆ భయం ఆమెను జన్మలో వదల్లేదు.

మిరపకాయలు, పసుపుకొమ్ములు తెచ్చి, రేకుల మీద ఎండబెట్టి తనే దంచేది. సాయంత్రం బజారు ఎత్తేసే వేళకు పోయి చవగ్గా వచ్చిన చుక్కకూర, సొరకాయ పట్టుకొచ్చేది. పెసర్లు నానబెట్టి మొలకలు తెప్పించేది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. తక్కువ ఖర్చులో ఒంటికి పట్టే తిండి. అయినా మావాళ్ళలో సగం మందికి అది జ్వరమొచ్చినోళ్ళ కూడు.

అందరికంటే ఎక్కువ సణిగేది సంపత్. మా కార్ఖానాలోనే నా పక్క సాంచెలు నడిపేవాడు. నాలుక పొడుగు మనిషి.

"పక్క గల్లీ బిస్సీల కూర సూసినవా అవ్వా? మీద నూనె ఎట్ల తేలుతదో. నీ పప్పు తినుకుంట నోరు సప్పవడ్డది."

"ఎరుపు జూసి మురిస్తే కడుపు ఏడుస్తది బిడ్డా," అనేది ఓదెమ్మ.

ఆ ఏడు వానలు ముసురు పట్టి వదల్లేదు. మిరపకాయలు ఎండలేదు. దంచి పెట్టుకున్న కారం అయిపోయింది. పైగా గంజి వార్చేటప్పుడు ఓదెమ్మ చెయ్యి కాలి, రోకలి పట్టే వీలు లేకుండా పోయింది. సందు దొరికిందని సంపత్ బజారు నుంచి కారం పొట్లం, మసాలా పొట్లం తెచ్చి ముందు పెట్టాడు.

"దంచుడు లేదు, నూరుడు లేదు. గింత ఏస్తే అయిపాయె."

ఓదెమ్మ పొట్లం విప్పి వాసన చూసింది. పక్కన పెట్టింది. మళ్ళీ తీసి చూసింది. గడపలో అంతమంది ఆకలితో కూర్చున్నారు. చివరికి వేసింది. ఎప్పటికంటే ఎక్కువసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. ఏమీ కాలేదు. వడ్డించింది. సంపత్ మూడుసార్లు పెట్టించుకుని, "కూరంటే గిది," అన్నాడు.

తర్వాత జరిగింది ఆమే చెప్పింది. మేం పనికి పోయాక గిన్నెలు తోముతుంటే, ఎన్ని నీళ్ళు పోసినా ఎరుపు దిగుతూనే ఉందట. అది చూస్తుండగానే కడుపులో దేవి, కూర్చున్నచోటే వాంతి అయింది. తన సంగతి ఆమెకు తట్టలేదు. ఆ కూర తిన్నవాళ్ళంతా ఆడుతున్న సాంచెల మధ్య ఉన్నారు. కళ్ళు తిరిగి ఒకడు సాంచెను తిప్పే పట్టా మీద పడితే చాలు, ప్రాణం పోతుంది. ఓదెమ్మ మసి చేతులతోనే వానలో పరుగెత్తింది.

మా కార్ఖానా మోతలో పక్కవాడి అరుపే వినపడదు. తలుపు దగ్గర తడిసి నిలబడ్డ ఓదెమ్మను చూసి పిచ్చెత్తిందనుకున్నాను. నోరు చూపించింది, పొట్ట చూపించింది, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది. అప్పటిదాకా వేడి చేసిందని సర్దిచెప్పుకుంటున్న నా కడుపు ఒక్కసారి మెలిపెట్టింది. పొద్దున తిన్న కూర గురించే అడుగుతోందని అర్థమైంది. ఆమె ఒక్కొక్కడి మొహమే చూసుకుంటూ లోపలికి వచ్చి, నా పక్కన ఆగిపోయింది.

సంపత్ సాంచెలు ఆడుతున్నాయి. ముందు మనిషి లేడు.

వెనక మోరీ పక్కన ముడుచుకుని పడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట, పళ్ళు బిగుసుకున్నాయి. ఓదెమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుంది.

"కండ్లు తెరువు కొడుకా. నా చేత్తోనే సంపుకుంటినా."

రిక్షాలో వేసుకుని దవాఖానాకు పోయాం. ఆ సాయంత్రం మేమంతా వాంతులతో చచ్చి బతికాం. సంపత్‌కు మాత్రం రెండు రోజులు నమ్మకం చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ రెండు రోజులూ ఓదెమ్మ బయట గోడవార కూర్చుంది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వాడు కళ్ళు తెరిచాడని చెబితే లోపలికి వచ్చి చూడడానికి కూడా భయపడింది.

ఆ తర్వాత పొయ్యి వెలిగించలేదు. రోలు బోర్లించేసింది. మేం ఎంత బతిమాలినా ఒకటే మాట, "నా చేతి కూడు ఇంకెవ్వలికి పెట్ట." గతిలేక పక్క గల్లీలో తిన్నాం. ఎర్రటి కూర చూస్తే ముద్ద దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం సంపత్ గోడలు పట్టుకుంటూ వచ్చి, ఆమె గడపలో కంచం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆకలైతుంది అవ్వా."

"నీకు దండం పెడ్త, పో బిడ్డా. నా చెయ్యి మంచిది గాదు."

"పొట్లం తెచ్చింది నేను. నీ చెయ్యేం జేసింది? పెసరపప్పు ఏసి మెత్తగ వండు. ఇయ్యాల ముందుగాల నేనే తింట."

ఓదెమ్మ పొయ్యి వెలిగించి వండింది. మొదటి ముద్ద వాడు తిన్నాడు. అచ్చం ఆమెలాగే గోడకు చేరగిలబడి పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. ఓదెమ్మ కళ్ళార్పకుండా వాడి మొహం చూసింది. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

బిస్సీ మళ్ళీ నడిచింది. ఆమె భయం మాత్రం పోలేదు. రోజూ గిన్నెలు తోమాక మా కార్ఖానా తలుపు దగ్గరకు వచ్చేది. నోరు చూపించి, పొట్ట చూపించి, చెయ్యి తిప్పేది. బాగానే ఉన్నామని మేం ఒక్కొక్కరమే తల ఊపేవాళ్ళం. కొత్తగా చేరినవాళ్ళు ఈ ముసలామె మూగదా అని అడిగేవాళ్ళు. సంపత్ తల ఊపేదాకా ఆమె అక్కడినుంచి కదిలేది కాదు.