అనుమానానికి కోడ్ ఉండదు

మా బావగారు, అంటే అక్క భర్త, చల్లపల్లి దగ్గర సొంత సేద్యం చేస్తారు. జనవరి చివర్లో ఒక ఉదయం స్కాన్ కవరు పట్టుకుని గుణదలలో మా ఇంటికి వచ్చారు. కుడి చెంప కాస్త ఉబ్బి ఉంది. పై పన్ను కదులుతోందని పీకించుకుంటే ఆ పుండు రెండు నెలలైనా మానలేదట. పళ్ల డాక్టరు స్కాన్ తీయించి, ముక్క పరీక్షకి పెద్దాసుపత్రికి వెళ్లమన్నాడట.

నేను ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తాను. అమెరికా ఆసుపత్రుల కాగితాలు చదివి, ఒక్కో జబ్బుకీ దానికి కేటాయించిన అక్షరం, అంకెలు వేయడం నా పని. మా వాళ్ల దృష్టిలో మాత్రం నేను సగం డాక్టర్ని.

"ఆయన ఇంగ్లీషులో ఏదేదో చెప్పాడమ్మాయ్. నువ్వు రోజూ చూసేవేగా, కాస్త చదివి చెప్పు," అన్నారు.

చదివాను. పై దవడ ఎముక కొంత తినేసినట్టుంది, క్యాన్సర్ అనుమానం, ముక్క తీసి పరీక్షించాలి అని ఉంది. పుర్రె ఎముకల్లో, ముఖం ఎముకల్లో పుట్టే క్యాన్సర్లన్నిటికీ కలిపి ఒకటే కోడు: సీ నలభై ఒకటి పాయింట్ సున్నా. పై దవడ అందులోకే వస్తుంది. కింది దవడకి వేరే ఉంది. నోట్లోంచో మరో చోటి నుంచో ఎముకకి పాకిందైతే కోడు మళ్లీ మారిపోతుంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఏం చెప్పాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు.

"క్యాన్సరేనా?" ఆయనే అడిగారు.

మా పనిలో ఒక నియమం ఉంది. ఓపీలో చూపించుకున్న మనిషి కాగితంలో 'అనుమానం', 'కావచ్చు' అని ఉంటే దాన్ని క్యాన్సర్‌గా కోడ్ చేయకూడదు. కనిపించే లక్షణాన్నే వేయాలి. వాపైతే వాపనే. ఆ భయంలో నాకు ఆ నియమమే దొరికింది.

"ఇంకా తేలలేదండీ బావగారూ. ఇప్పటికైతే వాపనే అనుకోవాలి," అన్నాను. పరీక్ష త్వరగా చేయించుకోండని కూడా అన్నాను. ఎంత గట్టిగా అన్నానో గుర్తు తెచ్చుకోవాలంటేనే భయం వేస్తుంది.

ఆయన ముఖం తేటపడింది. "అంతేగా! మినుము చేతికొచ్చేలా ఉంది. ఆ నూర్పిడి కానిచ్చి వస్తాలే."

ఇడ్లీలు పెడితే ఒక పక్కనే నములుతూ తిని వెళ్లిపోయారు. తర్వాత నేను రెండుసార్లు ఫోన్ చేశాను. "మందులకి నొప్పి తగ్గిందమ్మా. నువ్వు వాపేనన్నావని చెప్పాక మీ అక్క కూడా కుదుటపడింది," అన్నారు. సరేనని పెట్టేశాను.

మార్చి చివరికి వాపు కంటి కిందకి ఎక్కింది. అప్పుడు తీశారు ముక్క. ఎముకలోనే పుట్టిన క్యాన్సర్. కుడి పై దవడా, చెంప ఎముకలో కొంతా తీసేయాలన్నారు.

ఆపరేషన్ ముందురోజు వరండాలో డాక్టరుగారిని ఆపి అడిగాను. "రెండు నెలల ముందే వచ్చుంటే ఇంత తీయాల్సి వచ్చేది కాదేమోనండీ?"

"అప్పుడెంత ఉందో నేను చూడలేదు కదమ్మా. ఎలా చెప్పను?" అని ఆయన వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

రేడియేషన్ కూడా అయ్యాక చూడ్డానికి చల్లపల్లి వెళ్లాను. అంగిలికి ప్లేటు అమర్చారు. అది తీస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేస్తాయి. వంటింట్లో జావ కలుపుతూ అక్క అడిగింది.

"ఆరోజు నిజంగా వాపేనన్నావా?"

"అన్నానక్కా. రిపోర్టులో అనుమానం అని ఉంది."

అక్క గరిటె తిప్పుతూనే ఉంది. ఇంకేమైనా అడిగితే బాగుండునని అక్కడే నిలబడ్డాను.

సాయంత్రం బయలుదేరుతుంటే బావగారు నన్ను చూసి ఏదో అన్నారు. అర్థం కాలేదు. మళ్లీ అన్నారు. మూడోసారి కూడా తెలియక ఊరికే తల ఊపాను.

"భోంచేసి వెళ్లమంటున్నారు," అంది అక్క.